సాయంత్రం ఆరున్నర కాల్

మా ఆఫీసులో మీటింగుల మినిట్స్ రాసే పని నాది. ఎవరూ అప్పజెప్పలేదు, అదే వచ్చి మెడకు పడింది. 2001లో నేను చేరిన టీములో ఆడపిల్లని నేనొక్కదాన్నే. "ఆ అమ్మాయి అక్షరాలు గుండ్రంగా ఉంటాయి" అన్నాడు మేనేజరు. కంప్యూటర్లో కొట్టే మినిట్స్‌కి అక్షరాల గుండ్రంతో ఏం పనో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ప్రాజెక్టులు మారినా, విజిటింగ్ కార్డు మీద హోదా మారినా ఆ పని మాత్రం నన్ను వదల్లేదు. తలుచుకుంటే మేలే జరిగింది. మాట్లాడేవాళ్ల ధ్యాసంతా తమ వంతు ఎప్పుడొస్తుందా అన్న దాని మీదే ఉంటుంది. రాసేవాళ్లకి వినక తప్పదు.

1998 నవంబర్లో వాజపేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించి వెళ్లాక మాదాపూర్‌కి కంపెనీలైతే వచ్చాయి గానీ, చుట్టుపక్కల ఇంకా బిల్డింగుల కన్నా బండరాళ్లే ఎక్కువ. మా క్లయింటు ఓహయో రాష్ట్రంలో ఒక సరుకు రవాణా కంపెనీ. వాళ్ల బిల్లింగ్ ప్రోగ్రాములు కోబాల్‌లో ఉండేవి. వైటూకే మరమ్మతుకని మా వాళ్ల చేతికొచ్చి, ఆ గండం గడిచాక మెయింటెనెన్స్ పేరుతో అక్కడే మిగిలిపోయాయి. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి వచ్చినవాళ్లమే మాలో సగం మందిమి. ఓహయోలో పొద్దున్న తొమ్మిదయితే మాకు సాయంత్రం ఆరున్నర. చలికాలంలో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకోగానే మాకది ఏడున్నర అయ్యేది. ఇంటికెళ్లే షటిల్ బస్సు ఆ ఏడున్నరకే బయల్దేరేది కాబట్టి, చలికాలం వస్తోందంటే మాకందరికీ చిరాకే.

మీటింగ్ గదిలో బల్ల మధ్యన మూడు కాళ్ల పాలీకామ్ స్పీకర్ ఫోను ఉండేది. మైకు తెరిచి ఉంటే దాని మీద పచ్చ లైట్లు, మ్యూట్ నొక్కితే ఎర్ర లైట్లు. మా ఆఫీసులో రెండు భాషలకీ సరిహద్దు ఆ లైట్లే. పచ్చగా ఉన్నంతసేపు ఇంగ్లీషు, ఎర్రబడగానే తెలుగు. అసలు మీటింగంతా ఎర్ర లైట్ల వెలుతురులోనే జరిగేదంటే అతిశయోక్తి కాదు.

మ్యూట్ బటన్ మీద పెత్తనం గురువుగారిది. ఆయనది రాజమండ్రి. బొంబాయిలో ఏళ్ల తరబడి మెయిన్‌ఫ్రేముల మీద పనిచేసి వచ్చిన మనిషి. 132 కాలమ్‌ల చారల కాగితం వెనక్కి తిప్పి దాని మీదే లెక్కలన్నీ వేసేవారు. హోదాకి టెక్నికల్ లీడే గానీ, మేనేజరుతో సహా అందరం గురువుగారనే పిలిచేవాళ్లం. ఓహయో వైపు ప్రాజెక్టు మేనేజరు ఓ సాయంత్రం పది నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు. ఈ క్వార్టర్లో హెడ్‌విండ్స్ ఉన్నాయట, అందరికీ స్కిన్ ఇన్ ది గేమ్ ఉండాలట, మేం పెన్సిళ్లు కాస్త చెక్కుకుని రావాలట. నేను రాస్తూనే ఉన్నాను, అన్నీ రాశాక చూస్తే ఒక్క ముక్కా తలకెక్కలేదు. గురువుగారు మ్యూట్ నొక్కారు.

"రేటు తగ్గించమంటున్నాడమ్మా."

అంతే. మ్యూట్ తీసేసి, ఆ పెద్దమనిషితో చాలా మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టారు. పెన్సిల్ చెక్కుకోవడమంటే కొటేషన్ మళ్లీ కూర్చుని తగ్గించి వేయడమని ఆయనకి ఎవరు చెప్పారో అడిగితే, "ఎవరూ చెప్పలేదు. ఎదురుగాలి అన్నాడు, చర్మం అన్నాడు, పెన్సిలన్నాడు. డబ్బు మాట ఒక్కటే అనలేదు. అనందంటే అదే" అన్నారు.

మినిట్స్‌లో నాకు నాలుగు గడులుండేవి: విషయం, తీసుకున్న నిర్ణయం, ఎవరు చెయ్యాలి, ఎప్పటిలోగా. చివరి రెండు గడులు నిండకపోతే అది మీటింగ్ కాదు, పిచ్చాపాటీ. మరి 'లెట్స్ టచ్ బేస్' అంటే ఎవరు ఎవరితో మాట్లాడాలి? 'బ్యాక్ బర్నర్ మీద పెడదాం' అంటే ఎన్నాళ్లు? 'టేక్ ఇట్ ఆఫ్‌లైన్' అంటే నేను లేనిచోట తేల్చుకుంటారన్నమాట. అలా నాలో ఓ అనుమానం మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ నమ్మకంగా మారింది. గడుల్లో పడకుండా తప్పుకోవాలనుకున్నప్పుడే ఈ నానుడులు జోరుగా వస్తాయి. పనులు సాఫీగా సాగే వారాల్లో అవే నోళ్ల నుంచి 'మంగళవారానికి ఫైలు పంపుతాను' అన్న సాదా మాటలు వచ్చేవి. ఒక్క 'హార్డ్ స్టాప్' మాత్రం నాకిష్టం. పదింటికి హార్డ్ స్టాప్ ఉందంటే పదింటికి లేచిపోతారు. దానికి టైముంది, గడిలో పడుతుంది.

బాల్‌పార్క్ సంగతి చెప్పాలి. దాని దెబ్బ తినని సాఫ్ట్‌వేర్ కంపెనీ హైదరాబాదులో ఉందనుకోను. క్లయింటు ఫోన్లో చాలా తేలిగ్గా అడుగుతాడు: "పట్టుకుని వేలాడనులే, ఉజ్జాయింపుగా ఓ బాల్‌పార్క్ ఫిగర్ చెప్పు." పక్క టీములో ఒక కుర్ర లీడు అలాగే చెప్పేశాడు, నలుగురు మనుషులు, మూడు నెలలు అని. స్పెసిఫికేషన్ కాగితం కూడా ఇంకా రాలేదు. మరుసటి వారం క్లయింటు పంపిన పవర్‌పాయింట్‌లో ఆ నలుగురూ ఆ మూడు నెలలూ బోల్డు అక్షరాల్లో ఉన్నాయి, కింద గో-లైవ్ తేదీతో సహా. బేస్‌బాల్ మైదానమంత విశాలమైన అంకె సూదిమొనంత అయి తిరిగొచ్చింది. ఆ మూడు నెలలూ వాళ్ల బే వైపు రాత్రి పదకొండుకి వెళ్లినా లైట్లు వెలుగుతూనే ఉండేవి.

గురువుగారు ఒక్క అంకె ఎప్పుడూ చెప్పేవారు కాదు. నగరంలో సగం మంది మేనేజర్లు అప్పట్లో పీఎంపీ పరీక్షకి చదివేవాళ్లు. ఆ పుస్తకాల్లో తొలి అంచనాకి కిందికి 25 శాతం, పైకి 75 శాతం వరకు సందు ఇవ్వొచ్చని ఉంటుంది. ఆయన పరీక్ష రాయలేదు గానీ ఆ ఒక్క వాక్యం పట్టుకున్నారు. "బాల్‌పార్క్ కావాలా సర్, ఇదుగో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా" అని రెండు అంకెలు చెప్పి, ఫోన్ పెట్టేసేలోపే అవే రెండు అంకెలతో మెయిల్ కొట్టించేవారు. కొట్టేది నేనే.

2003 ప్రాంతంలో మా కంపెనీకి ఒక ఆలోచన వచ్చింది. మాకు ప్రోగ్రాములు రాయడం వచ్చు గానీ మాట్లాడటం రాదని. బేగంపేట నుంచి ఒక ట్రైనర్ మేడమ్‌ని రప్పించారు. ఆవిడ ముందుగా మా నోళ్లలోంచి తీసేయాల్సిన మాటల జాబితా ఇచ్చింది. 'డూ ది నీడ్‌ఫుల్' అనొద్దు, 'ప్రీపోన్' అనొద్దు, మెయిల్‌కి జవాబిస్తానని చెప్పడానికి 'రివర్ట్' వాడొద్దు, 'ఐ హ్యావ్ ఎ డౌట్' అసలే వద్దు. మనం ప్రశ్న ఉందని చెప్తుంటే వాళ్లు నమ్మకం లేదని వింటారట. ఆ చివరిది నిజమేనని తర్వాత నేనూ గమనించాను. డౌట్ ఉందని మా వాడు అన్న ప్రతిసారీ అవతల ఓ క్షణం నిశ్శబ్దం ఉండేది. 'డూ ది నీడ్‌ఫుల్' మాత్రం మన తాతలు దొరల దగ్గర నేర్చుకున్న కచేరీ ఇంగ్లీషు. నేర్పినవాళ్లు మర్చిపోయారు, మనం దాచుకున్నాం.

తర్వాత తెల్లబోర్డు మీద వజ్రం ఆకారం గీసి బేస్‌బాల్ చెప్పింది. బ్యాటుతో కొట్టినవాడు ఒక్కో బేస్‌నీ తాకుతూ చుట్టి రావాలి, అదీ టచ్ బేస్. వాన పడి ఆట ఆగిపోతే మరో రోజు చూసుకోమని ఇచ్చే చీటీ రెయిన్ చెక్. ఎవరైనా భోజనానికి పిలిస్తే 'రెయిన్ చెక్ తీసుకుంటా' అనాలి. వంకర తిరిగే బంతి కర్వ్‌బాల్, అంటే అనుకోని చిక్కు. మేం బుద్ధిగా రాసుకున్నాం. వెనక వరసలోంచి మా వరంగల్ అబ్బాయి చెయ్యెత్తాడు. వాడిని అందరం అలాగే పిలిచేవాళ్లం.

"మేడమ్, వాళ్ల ఆట మనం నేర్చుకుంటున్నం, మంచిదే. మరి మన క్రికెట్ వాళ్లకి ఎవరు నేర్పిస్తరు?"

క్లాసంతా నవ్వింది. ఆవిడా నవ్వింది, జవాబు మాత్రం చెప్పలేదు. బిల్లు కట్టేవాడి ఆటే మాటల్లోకి వస్తుందని ఆ గదిలో ఎవరికి తెలియదు గనుక!

కానీ వాడి ప్రశ్నకి ఏడాది తిరక్కుండానే జవాబు దొరికింది. మా ఓహయో కంపెనీ లండన్లో ఓ రవాణా కంపెనీని కొనేసింది. వాళ్ల బిల్లులూ మా ప్రోగ్రాముల్లోకే రావాలన్నారు. ఆరున్నర కాల్‌లో మూడో గొంతు చేరింది. లండన్లో అప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు. భోంచేసి వచ్చి, తాపీగా, ప్రతి వాక్యం ముందూ 'ఐ యామ్ అఫ్రెయిడ్' తగిలిస్తూ మాట్లాడే మనిషి. మా వాళ్లు మొదట్లో ఆయన నిజంగానే భయపడుతున్నాడనుకున్నారు.

ఒక రోజు టెస్టింగులో పన్నుల లెక్క కుదరక అంతా తలకిందులైంది. ఓహయో ఆయన ఇది కర్వ్‌బాలన్నాడు, లెఫ్ట్ ఫీల్డ్ నుంచి వచ్చిందన్నాడు. లండన్ ఆయన నిట్టూర్చి, "మనం స్టికీ వికెట్ మీద ఉన్నామని నా భయం" అన్నాడు. ఓహయో వైపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా, "సారీ, స్టికీ... వాట్?" అని వినిపించింది.

మా గదిలో పచ్చ లైట్లు వెలుగుతుండగానే నవ్వేశారందరూ. గురువుగారు కూడా మ్యూట్ నొక్కడం మానేసి వరంగల్ అబ్బాయి వైపు చెయ్యి చూపించారు, కానివ్వు అన్నట్టు. వాడు కుర్చీ ముందుకు జరుపుకుని మొదలుపెట్టాడు. పూర్వం పిచ్ మీద వానకి కప్పేవాళ్లు కాదు సర్. తడిసిన పిచ్ మీద ఎండ పడితే పైపొర అంటుకుపోతుంది. బంతి ఒకటి లేస్తుంది, ఒకటి కిందికే పోతుంది, బ్యాట్స్‌మన్‌కి ఏదీ అంతు పట్టదు. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. అలాంటి దశలోంచి కూడా బయటపడొచ్చు సర్ అంటూ కోల్‌కతా టెస్టు ఎత్తుకున్నాడు. 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్, ఆస్ట్రేలియా 445 కొడితే మనం 171కే ఆలౌట్, ఫాలో-ఆన్. అప్పుడు మా హైదరాబాద్ వాడు లక్ష్మణ్ దిగి 281 కొట్టాడు. ఫాలో-ఆన్ అంటే ఏమిటో కూడా విడమర్చాడు. ఓహయో ఆయన ఓపిగ్గా అంతా విని, "సో డిడ్ యూ గైస్ విన్?" అని అడిగాడు.

"బై 171 రన్స్, సర్."

లండన్ ఆయన అవతల బల్ల చరిచిన చప్పుడు మాకు వినిపించింది. ఆ రోజు నుంచి ఆయన మాతో మాట్లాడే పద్ధతే మారిపోయింది. బ్యాక్ ఫుట్ మీదున్నాం అనేవాడు, స్ట్రెయిట్ బ్యాట్‌తో ఆడండి అనేవాడు, మేం తడుముకోకుండా అదే భాషలో బదులిచ్చేవాళ్లం. ఓహయో ఆయన పాపం మధ్యలో 'కెన్ సంబడీ ట్రాన్స్‌లేట్?' అనేవాడు. ఆ కాసేపు మాకు కలిగిన ఆనందం పెద్దమనసుతో కూడినదని చెప్పలేను.

ఆ ఇద్దరి మధ్యా అసలు యుద్ధం మాత్రం ఆటల మాట మీద రాలేదు, బల్ల మీద వచ్చింది. పాత బిల్లింగ్ ఆపి కొత్తది మొదలుపెట్టే తేదీ, మేం కటోవర్ అనేవాళ్లం, అది తేలాలి. లండన్ ఆయన మీటింగ్ మొదట్లోనే, "కటోవర్ తేదీని ఇవాళ టేబుల్ చేయాలని నా కోరిక" అన్నాడు. ఓహయో ఆయన మండిపడ్డాడు. వీల్లేదు, ఇవాళ తేల్చాల్సిందే, టేబుల్ చేయడానికి నేనొప్పుకోను అన్నాడు. అందుకే కదా టేబుల్ చేద్దామంటున్నాను అని ఆయన. నువ్వు టేబుల్ చేస్తే నేను మా వైస్ ప్రెసిడెంటుకి ఏం చెప్పాలని ఈయన. గొంతులు పెరిగాయి. నా నిర్ణయం గడి ఖాళీగా ఉంది.

గురువుగారు మ్యూట్ నొక్కారు. "ఇద్దరూ ఇవాళే తేలాలంటున్నారు. మరి దేనికి కొట్టుకుంటున్నారు?"

మేనేజరుకి తట్టింది. "కాగ్ రిపోర్టుని అసెంబ్లీలో టేబుల్ చేశారని ఇంగ్లీషు పేపర్లో రాస్తాడు చూడండి. అంటే సభ ముందు పెట్టారని. లండనాయన అనేది అదే. అమెరికాలో టేబుల్ చేయడమంటే పక్కన పడేయడం గురువుగారూ."

గురువుగారు మ్యూట్ తీసి, "జెంటిల్మెన్, బోత్ ఆఫ్ యూ వాంట్ ది డేట్ టుడే, నో?" అన్నారు. రెండు దేశాల్లోనూ ఓ క్షణం మౌనం, ఆ తర్వాత నవ్వులు. తేదీ పది నిమిషాల్లో ఖరారైంది. చర్చిల్ రాసుకున్న రెండో ప్రపంచ యుద్ధ చరిత్రలో మూడో సంపుటం ఉంది. బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఇదే మాట మీద చాలాసేపు వాదులాడుకుని, చివరికి ఇద్దరూ కోరేది ఒకటేనని తెలుసుకున్న సంగతి ఆయన అందులో చెప్తాడు. చాలా ఏళ్ల తర్వాత అది నా కంటపడితే ముందు గుర్తొచ్చింది మా గురువుగారి 'నో?'నే. వాళ్ల దగ్గర మ్యూట్ నొక్కి తెలుగులో అడిగేవాడు లేకపోయాడు.

ఆ కటోవర్ కోసమే నన్నూ వరంగల్ అబ్బాయినీ ఓహయో పంపారు. అక్కడ ఆకురాలు కాలమంతా ఫుట్‌బాలే. శనివారం కొలంబస్‌లో ఓహయో స్టేట్ యూనివర్సిటీ ఆట ఉందంటే ఊరంతా ఎరుపు. ఆ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. శనివారం ఆట, సోమవారం మా మీటింగ్. ఇక చూసుకోండి. ఎవరో బంతి జారవిడిచారు, ఎవరో పంట్ చేశారు, ఎవరో సోమవారం పొద్దున్న క్వార్టర్‌బ్యాక్ అవుతున్నారు, అంటే ఆట అయిపోయాక తీరిగ్గా తప్పులు పడుతున్నారు. తేదీ దగ్గర పడి పని తెమలనప్పుడు అక్కడి ప్రోగ్రామర్ ఒకాయన ఇక హెయిల్ మేరీయే దిక్కన్నాడు. చర్చి గొడవేమోననుకున్నాం. 1975లో డల్లాస్ జట్టు క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ ఓడిపోయే ఆటలో ఆఖరి ఘడియల్లో దూరంగా బంతి విసిరి, విసిరేటప్పుడు మేరీమాతని తలుచుకున్నానన్నాడట. ఆ బంతి అందింది, ఆట గెలిచారు. అది చెప్తున్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూస్తే, మా వాడు లక్ష్మణ్ గురించి చెప్పినప్పటి మొహమే గుర్తొచ్చింది.

అదే ట్రిప్పులో ఓ పాతకాలపు సేల్స్ పెద్దమనిషి లెక్కలన్నీ దాపరికం లేకుండా చూపిద్దామనడానికి 'ఓపెన్ ది కిమోనో' అన్నాడు. గదిలో ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ వాళ్ల టెస్టింగ్ మేనేజరూ. ఆవిడ కాగితాల్లోంచి తలెత్తకుండానే, "షేర్ ది నంబర్స్ అంటే సరిపోతుంది" అంది. ఆయన గొంతు సవరించుకుని, షేర్ ది నంబర్స్ అన్నాడు. నేనూ అలాగే రాసుకున్నాను.

కూల్-ఎయిడ్ గొడవ మాత్రం నవ్వుకునేది కాదు. అది అక్కడి పిల్లలు తాగే పళ్లరసం పొడి, మన రస్నా లాంటిది. కొత్త సిస్టమ్ అంటే పిచ్చి నమ్మకం పెట్టుకున్నవాళ్లని ఉద్దేశించి 'వీళ్లంతా కూల్-ఎయిడ్ తాగేశారు' అని మీటింగుల్లో తేలిగ్గా అనేవాళ్లు. మా వరంగల్ అబ్బాయి అది మెచ్చుకోలనుకున్నాడు. విందులో వైస్ ప్రెసిడెంటు పలకరిస్తే, "మా హైదరాబాద్ టీమంతా కూల్-ఎయిడ్ తాగేసింది సర్!" అన్నాడు గర్వంగా. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాలో మానాలో తెలియక నిలబడ్డారు. మర్నాడు ఆ టెస్టింగ్ మేనేజరే కాఫీ మెషిన్ దగ్గర వాడికి నెమ్మదిగా చెప్పింది. 1978 నవంబర్లో గయానా అడవుల్లో, జోన్స్‌టౌన్‌లో, జిమ్ జోన్స్ అనే మత నాయకుణ్ణి నమ్ముకుని వెళ్లినవాళ్లు తొమ్మిది వందల మందికి పైగా చచ్చిపోయారు. చాలామందికి రంగునీళ్లలో సైనైడ్ కలిపి తాగించారు. అందులో పసిపిల్లలు వందల్లో ఉన్నారు. టీవీలో ఆ దృశ్యాలు చూసినప్పుడు ఆవిడ హైస్కూల్లో ఉందట. "మా వాళ్లు ఈ మాట ఎలా అనగలరో నాకిప్పటికీ తెలియదు" అంది. వాడు ఆ రోజంతా మాట్లాడలేదు. సాయంత్రం కారెక్కుతూ, "అక్కా, తెలియకుండ ఎన్ని మాటలంటున్నమో" అన్నాడు. తెలిసి అంటున్న వాళ్ల సంగతి నేను ఆలోచిస్తున్నాను.

2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. ఆ నెల నుంచి మా కాల్స్‌లో నానుడులు పోటెత్తాయి. బెల్టు బిగించుకోవాలి, కొవ్వు కరిగించాలి, రైట్‌సైజింగ్ చేయాలి, అందుబాటులో వేలాడే పళ్లు ముందు కోసుకోవాలి. పాత కోబాల్ బిల్లింగ్‌ని 'సన్‌సెట్' చేస్తున్నామన్నారు. గురువుగారు మ్యూట్ నొక్కారు గానీ ఏమీ చెప్పలేదు. ఆ ప్రోగ్రాముల మీద బతుకుతున్నవాళ్లు ఆ గదిలోనే ఆరుగురున్నారు. నెల తిరిగేసరికి వాళ్లు బెంచ్ మీదికి వచ్చారు. బెంచ్ అంటే జీతం వస్తుంది, పని ఉండదు, రోజూ ఏసీ కింద కూర్చుని మెయిల్ బాక్సు వైపు చూడటమే.

డిసెంబర్లో హెచ్ఆర్ వాళ్లు లీడ్లందరినీ పిలిచారు. నేను అలవాటుగా లాప్‌టాప్ తెరిచాను. "ఈ మీటింగుకి మినిట్స్ అక్కర్లేదమ్మా" అన్నాడు మేనేజరు. అప్పుడే తెలిసిపోయింది. గంటసేపు మాట్లాడారు, ఒక్క పేరు పలకలేదు. రిసోర్సులన్నారు, ఆప్టిమైజేషనన్నారు, టఫ్ కాల్ అన్నారు. పేర్లు కాగితం మీద ఉన్నాయి. వరంగల్ అబ్బాయి పేరు నాలుగోది. వాడు ఐడీ కార్డు అప్పగించి వచ్చి నా క్యూబికల్ దగ్గర నిలబడ్డాడు. "బస్సు కిందికి నూకిన్రక్కా" అన్నాడు, మీటింగుల్లో విన్న మాటనే తెలుగు చేసి. ఏ బస్సని నేనడగలేదు. ఏడాది తర్వాత బెంగళూరులో మంచి ఉద్యోగమే దొరికింది వాడికి. ఇప్పటికీ ఫోన్ చేస్తాడు.

2009 జనవరి 7, బుధవారం. పొద్దున్నే సత్యం రామలింగరాజు బోర్డుకి రాసిన ఉత్తరం బయటికొచ్చింది. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపించిన సొమ్ములో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆయనే రాశాడు. పులి మీద స్వారీ చేస్తూ, దాని నోట పడకుండా ఎలా దిగాలో తెలియని మనిషితో తన పరిస్థితిని పోల్చుకున్నాడు. ఆ ఉత్తరం ప్రింట్లు మా బిల్డింగులో ఫ్లోరు ఫ్లోరూ తిరిగాయి. ఈ ఒక్క పోలికకి ట్రైనర్ మేడమ్ అవసరం ఎవరికీ పడలేదు. క్యాంటీన్‌లో గిన్నెలు తీసే మనిషి కూడా 'పులి స్వారీ అంట కదండీ' అన్నాడు. సాయంత్రానికి ఆ కంపెనీ షేరు నాలుగింట మూడొంతులకు మించి పడిపోయింది. మా కంపెనీకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా హైదరాబాద్ నంబరు నుంచి వెళ్లే ప్రతి ఫోనుకీ ఆ రోజు అవతలివాళ్లు ఓ క్షణం ఆగి పలికారు.

ఏడున్నర కాల్‌లో ఓహయో ఆయన పలకరింపులేవీ లేకుండా నేరుగా అడిగాడు. "ఒక్కటే ప్రశ్న. మీ లెక్కలు నిజమైనవేనా? ఆడిట్ చేసిందెవరు? మా వాళ్లకి నేను ఏం చూపించాలి?"

ఇన్నేళ్లలో ఆయన నోట బేస్‌బాల్ లేకుండా, ఫుట్‌బాల్ లేకుండా మూడు వాక్యాలు వరసగా రావడం నేను విన్నది అప్పుడే. జవాబు మా మేనేజరు చెప్పాలి. ఆయన గొంతు సవరించుకుని, వి రన్ ఎ వెరీ టైట్ షిప్ అన్నాడు. ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే, వి ఆర్ ఆల్ ఇన్ ది సేమ్ బోట్ అన్నాడు. దీన్ని ఆఫ్‌లైన్ తీసుకుందామనబోతుంటే గురువుగారు మ్యూట్ నొక్కారు.

"సార్, ఆయన సూటిగా అడిగాడు. సూటిగా చెప్పండి."

"నా చేతిలో ఏముంది గురువుగారూ? ఫైనాన్స్ వాళ్లు చెప్పాలి."

"ఆ మాటే చెప్పండి."

మేనేజరు నా వైపు చూశాడు. నేను గడులు నింపేశాను. విషయం: ఆడిటర్ల ధ్రువీకరణ. ఎవరు: మేనేజరు, ఫైనాన్స్ విభాగం నుంచి. ఎప్పటిలోగా: శుక్రవారం. గురువుగారు మ్యూట్ తీశారు. రాసింది రాసినట్టు నేనే గట్టిగా చదివాను. ఓహయో ఆయన "ఫ్రైడే. గుడ్" అని పెట్టేశాడు. శుక్రవారం మధ్యాహ్నం ఫైనాన్స్ వాళ్ల చుట్టూ నాలుగుసార్లు తిరిగాక ఉత్తరం చేతికొచ్చింది. షటిల్ వెళ్లేలోపు స్కాన్ చేసి పంపించేశాం.